సిలబస్ మార్పు ఫైలు మీ టేబుల్ మీదకొస్తే: అటానమస్ కాలేజీలో ఆమోదం దాకా ఎలా నడపాలి

మీరు కొత్తగా హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) అయ్యారు. మీది అటానమస్ డిగ్రీ కాలేజీ, అంటే సిలబస్, పరీక్ష సొంతంగా చూసుకునేది కాబట్టి, ఆ కుర్చీతో పాటు బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సబ్జెక్టు సిలబస్ తేల్చే కమిటీ) చైర్మన్ పని కూడా అడక్కుండానే మీ నెత్తిన పడింది. ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం మీ సీనియర్ లెక్చరర్ నాలుగు కాగితాలు తెచ్చి టేబుల్ మీద పెడతారు. "సార్, ఇన్‌కమ్ టాక్స్ పేపర్ సిలబస్ మార్చాలి. ఈసారి బోర్డులో పెట్టేద్దాం" అంటారు. ఆ నాలుగు కాగితాలు తరగతి గదిలో పాఠం అయ్యేలోపు ఎన్ని చేతులు మారాలి, ఏ చేతిలో ఏం చూడాలి అన్నది ఇక్కడ చెబుతాను. మార్పు అడిగినవాడిగా, బోర్డు చైర్మన్‌గా, తర్వాత అకడమిక్ కౌన్సిల్ (బోర్డులు పంపినవాటిని ఆమోదించే కాలేజీ పై కమిటీ) మెంబర్ సెక్రటరీగా ఈ ఫైలుని మూడు వైపుల నుంచీ చూశాను.

ఒక మాట ముందే. నేను చూసినంతలో చెడిపోయిన మార్పులన్నీ మీటింగుకి ముందే చెడిపోయాయి. బోర్డు కూర్చునేది రెండు మూడు గంటలు. అందులో టీ, శాలువాలు, గ్రూప్ ఫోటో పోను మిగిలిన టైములో పాతిక పేపర్ల సిలబస్ దాటిపోతుంది. అక్కడ ఎవరూ ఏ తప్పూ పట్టుకోలేరు. కాబట్టి అసలు పని మీ టేబుల్ మీదే, ముందు వారాల్లోనే జరగాలి.

ముందు: ఇది మీ చేతిలో ఉన్న పనేనా?

మీ కాలేజీ అటానమస్ కాకుండా మామూలు అఫిలియేటెడ్ కాలేజీ అయితే సిలబస్‌లో ఒక్క యూనిట్ కూడా మీరు మార్చలేరు. అది యూనివర్సిటీ బోర్డు పని. మీరు చేయగలిగింది లిఖితపూర్వకంగా సూచన పంపడం, ఇచ్చిన ఎలక్టివ్‌లలో సరైనది ఎంచుకోవడం, సొంతంగా సర్టిఫికెట్ కోర్సు నడుపుకోవడం.

అటానమస్ అయితే సిలబస్ మీదే, పరీక్ష మీదే. కానీ పట్టా మాత్రం యూనివర్సిటీది, దాని మీద మీ కాలేజీ పేరు ఉంటుంది. 1964-66 కొఠారీ కమిషన్ సూచించిన ఏర్పాటు ఇది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లో ఒకసారి, మళ్ళీ 2023లో ఒకసారి దీనికి నిబంధనలు ఇచ్చింది. వాటి ప్రింట్ ఒకటి మీ సొరుగులో ఉండాలి. పక్క కాలేజీ వాళ్ళు ఎలా చేశారో అడగడం కంటే అందులో ఏముందో చదవడం తేలిక, నమ్మకం కూడా.

అటానమస్ అయినా చేతులు పూర్తిగా స్వేచ్ఛగా ఉండవు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యామండలి 2020-21లో డిగ్రీ స్వరూపం మార్చి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లు తెచ్చింది. 2023-24లో సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) తెచ్చింది. అలాంటి చట్రం వచ్చినప్పుడు మీ బోర్డు ఆ చట్రంలోపలే కదలాలి. అందుకని ఫైలు తెరవగానే పక్కన మూడు పెట్టుకోండి: ఆ బ్యాచ్‌కి వర్తించే ఉన్నత విద్యామండలి చట్రం, యూనివర్సిటీ ఉత్తర్వులు, మీ కాలేజీ సొంత అకడమిక్ రెగ్యులేషన్స్.

రెండు: మార్పు ఎంత పెద్దదో తూచండి

పుస్తకాల జాబితాలో కొత్త ఎడిషన్ చేర్చడం, అచ్చుతప్పు దిద్దడం, యూనిట్ల వరస మార్చడం చిన్న పనులు. బోర్డులో చెప్పి రికార్డు చేస్తే సరిపోతుంది. యూనిట్ తీసేయడం, పెట్టడం, కోర్సు పేరు మార్చడం, క్రెడిట్లు మార్చడం, ఇంటర్నల్-ఎక్స్‌టర్నల్ మార్కుల నిష్పత్తి మార్చడం, ఒక సెమిస్టర్ నుంచి ఇంకో సెమిస్టర్‌కి జరపడం ఇవన్నీ బోర్డు దాటి అకడమిక్ కౌన్సిల్ దాకా వెళ్ళాలి. కొత్త ప్రోగ్రాం పెట్టడం పూర్తిగా వేరే దారి. దాని గురించి చివర్లో.

ఇక్కడ మనవాళ్ళు చేసే చిలిపి పని ఒకటుంది. పెద్ద మార్పుని చిన్నదిగా రాస్తారు. "మైనర్ కరెక్షన్" అని అజెండాలో పడుతుంది, లోపల చూస్తే రెండు యూనిట్లు మాయం. దీనికి తిరగేసింది కూడా ఉంది. నాక్ (కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) పట్టికలో 'సిలబస్ సవరించిన ప్రోగ్రాములు' అన్న గడి నింపాలని, నాలుగు మాటలు అటూ ఇటూ చేసి పెద్ద సవరణగా చూపిస్తారు. రెండూ తప్పే. మొదటిది విద్యార్థికి ప్రమాదం, రెండోది నవ్వులపాలు.

మూడు: పాత, కొత్త పక్కపక్కన పెట్టించండి

కొత్త సిలబస్ ఒక్కటే తెస్తే తీసుకోకండి. నాలుగు గడుల పట్టిక అడగండి: పాత సిలబస్‌లో ఉన్నది, కొత్తదానిలో ఉన్నది, తేడా, కారణం. చివరి గడిలో "ప్రస్తుత అవసరాల దృష్ట్యా" అని రాసి తెస్తే వెనక్కి పంపండి. అది కారణం కాదు, ఖాళీ గడి.

కారణం ఎలా ఉండాలో చెప్పడానికి మన ఇన్‌కమ్ టాక్స్ పేపరే మంచి ఉదాహరణ. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 'ప్రీవియస్ ఇయర్', 'అసెస్‌మెంట్ ఇయర్' అని అరవై ఏళ్ళుగా బీకాం పిల్లలు మొదటి క్లాసులోనే తికమకపడిన ఆ రెండు మాటల బదులు 'టాక్స్ ఇయర్' అన్న ఒకే మాట వచ్చింది. సెక్షన్ల నంబర్లు చాలావరకు మారాయి. అందరికీ నోటికొచ్చిన 80సీ ఇప్పుడు సెక్షన్ 123. జీతం మీద టీడీఎస్ అంటే 192 అనేవాళ్ళం, ఇప్పుడది 392. ఇది కారణం. ఎవరూ వాదించలేరు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు వ్యాట్, సెంట్రల్ ఎక్సైజ్ పాఠాలకు పట్టిన గతే ఇది. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు వ్యాట్ పాఠాలు చెప్పిన కాలేజీలు లేకపోలేదు.

చట్టం మారడం బలమైన కారణం. మిగతావి వరసగా: విద్యార్థుల, పూర్వ విద్యార్థుల, ఉద్యోగం ఇచ్చేవాళ్ళ ఫీడ్‌బ్యాక్, పరీక్షా ఫలితాల్లో ఒకే యూనిట్ దగ్గర అందరూ బోల్తా కొట్టడం, పై చదువు ప్రవేశ పరీక్షల్లో అడిగేది మన దగ్గర లేకపోవడం, ముందు సెమిస్టర్‌లో చెప్పిందే మళ్ళీ రావడం. "నాకు ఈ టాపిక్ ఇష్టం" అన్నది కూడా ఒక కారణమే, కాకపోతే ఎవరూ రాయరు. రాయకపోయినా వాసన పసిగట్టండి. పీహెచ్‌డీ పూర్తి చేసుకుని వచ్చిన మరుసటి ఏడాది ఆ పరిశోధనాంశం మూడో సెమిస్టర్ సిలబస్‌లో ప్రత్యక్షమైతే ఆశ్చర్యపోకండి.

నాలుగు: గంటల లెక్క వేయండి

నన్నడిగితే ఈ ఒక్క మెట్టు సరిగ్గా ఎక్కితే సగం గొడవలు రావు. థియరీకి ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌కి 15 గంటల క్లాసు. ల్యాబ్‌కి ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. నాలుగు క్రెడిట్ల థియరీ పేపరుకి 60 గంటలు, ఐదు యూనిట్లయితే యూనిట్‌కి 12 గంటలు. అందులో ఇంటర్నల్ పరీక్షలు, రివిజన్, సంక్రాంతి సెలవులకు ముందూ వెనకా ఖాళీ బెంచీలు తీసేస్తే మీ చేతికొచ్చేది 50 గంటలు దాటదు.

ఇప్పుడు ఆ సిలబస్‌ని ప్రతిపాదించిన వారినే కూర్చోబెట్టి, ప్రతి టాపిక్ పక్కన ఎన్ని గంటలు కావాలో పెన్సిల్‌తో రాయించండి. మీరు రాయకండి, వాళ్ళచేతే రాయించండి. జీతం ఆదాయం మీద లెక్కలు: 12. ఇంటి ఆస్తి ఆదాయం: 8. వ్యాపార ఆదాయం: 10. మూలధన లాభాలు: 8. కొత్త చట్టం, పాత చట్టం తేడాలు: 6. ఈ-ఫైలింగ్ ప్రాక్టికల్: 10. మొత్తం ఆదాయం లెక్కింపు, టీడీఎస్, ముందస్తు పన్ను: 12. పరిచయం, నివాస స్థితి: 8. కూడితే 74. మన దగ్గర కాగితం మీదే ఉన్నది 60.

అరిటాకు నిండిపోయాక ఇంకో కూర వేయాలంటే ఉన్నదేదో తినాలి, లేదా పక్కకు జరపాలి. సిలబస్‌లో మాత్రం ఎవరూ ఏదీ జరపరు, పైన వేస్తూనే పోతారు. ఆ మిగిలిన 14 గంటల పాఠం ఎక్కడికి పోతుంది? ఐదో యూనిట్‌కి పోతుంది. "అది మీరే చదువుకోండి, రెండు ప్రశ్నలొస్తాయి, చాయిస్‌లో వదిలేయండి" అన్న ఆఖరి వారం మాటకి పోతుంది. అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఎన్ని గంటలు చేరుస్తారో అన్ని గంటలు తీసేసి తెస్తేనే ఫైలు కదులుతుంది. పై లెక్కలో నేనైతే ఈ-ఫైలింగ్ పది గంటల్ని థియరీలోంచి తీసి, క్రెడిట్ల మొత్తం పెరక్కుండా చూసుకుని, స్కిల్ కోర్సుకో ల్యాబ్‌కో మారుస్తాను. పాత-కొత్త తేడాల టాపిక్ రెండు గంటలకు తగ్గిస్తాను. అప్పుడు కూడా పాఠాలకే 60 గంటలూ నిండిపోతాయి కాబట్టి రివిజన్‌కి చోటు కోసం ఇంకా కోయాలి. ఆ కోత ఎక్కడో ఆ సబ్జెక్టు చెప్పేవాళ్ళకే తెలుసు. మీరు కత్తెర చేతికివ్వండి చాలు.

మొత్తం ప్రోగ్రాం కూడిక కూడా చూసుకోండి. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160. ఒక పేపరుకి మూడు క్రెడిట్లు నాలుగు చేస్తే సెమిస్టర్ మొత్తం, ఏడాది మొత్తం, ప్రోగ్రాం మొత్తం అన్నీ కదులుతాయి. ఒకచోట మార్చి మూడుచోట్ల మరిచిపోతే, మూడేళ్ళ తర్వాత పట్టా ఇవ్వాల్సిన రోజున కూడిక 121 వస్తుంది. అప్పుడు ఎగ్జామ్ సెల్‌లో పట్టే చెమట నేను చూశాను.

ఐదు: ఏ బ్యాచ్‌కి?

ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాయాల్సిన ప్రశ్న ఇది. మార్పు "2026-27 నుంచి అమలు" అని రాస్తారు. ఆ ఏడాది ఫస్టియర్‌లో చేరేవాళ్ళకా, ఆ ఏడాది ఆ సెమిస్టర్‌కి వచ్చేవాళ్ళందరికీనా? ఇన్‌కమ్ టాక్స్ పేపర్ నాలుగో సెమిస్టర్‌లో ఉందనుకోండి. మొదటి అర్థం తీసుకుంటే కొత్త సిలబస్ క్లాసులోకొచ్చేది 2028 మొదట్లో. చట్టం అమలై రెండేళ్ళు కావస్తుంది, మన పిల్లలు అప్పటిదాకా పాత సెక్షన్లు బట్టీపడుతుంటారు. మామూలుగా సిలబస్ కొత్త బ్యాచ్ నుంచే మారాలి, చేరినప్పుడు ఇచ్చిన మాట అది. కానీ చట్టం మారినప్పుడు మినహాయింపు తీసుకుని మధ్యలో ఉన్న బ్యాచ్‌కీ మార్చవచ్చు. ఆ మినహాయింపు ఎందుకో తీర్మానంలో విడిగా రాయించండి.

ఇంకో మెలిక కూడా ఉంది. కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 తర్వాతి ఆదాయానికి వర్తిస్తుంది. 2025-26లో సంపాదించిన దానికి 2026-27 అసెస్‌మెంట్ ఇయర్ పేరుతో పాత చట్టం ప్రకారమే రిటర్న్ వేయాలి. ఆడిటర్ దగ్గర పనికి చేరే కుర్రాడికి కొన్నాళ్ళు రెండూ తెలియాలి. కాబట్టి పాతది పూర్తిగా తుడిచేసిన సిలబస్ కూడా సరైంది కాదు. ఆ రెండు గంటల తేడాల టాపిక్ నేను పూర్తిగా కొట్టేయకుండా ఉంచింది అందుకే.

ఇక సప్లీలు. పాత సిలబస్‌లో తప్పిన వాళ్ళకు పాత సిలబస్ మీదే ఎన్నిసార్లు పరీక్ష పెడతారు, ఆ తర్వాత ఏ కొత్త పేపరు దానికి సమానం? ఈ సమానత్వ పట్టిక సిలబస్‌తో పాటే బోర్డుకి రావాలి, తర్వాత చూద్దాం అనకూడదు. అటెండెన్స్ చాలక ఏడాది ఆగి జూనియర్లతో కూర్చునేవాళ్ళ సంగతి మరీ చిక్కు. వాళ్ళు పాత సిలబస్‌లో ఒక పేపర్ రెండో సెమిస్టర్‌లో పాసై ఉంటారు, అదే పేపర్ కొత్త సిలబస్‌లో నాలుగో సెమిస్టర్‌కి జరిగి ఉంటుంది. మళ్ళీ రాయమంటే అన్యాయం. వదిలేస్తే క్రెడిట్లు తగ్గుతాయి. ఇంజనీరింగ్‌లో ఆర్18, ఆర్22 అని రెగ్యులేషన్లకు పేర్లు పెట్టి, మధ్యలో పడ్డవాళ్ళకు ప్రత్యామ్నాయ సబ్జెక్టులు ఇస్తారు. జేఎన్టీయూ పిల్లల్ని అడిగితే ఈ బాధ కథలు కథలుగా చెబుతారు. డిగ్రీ కాలేజీల్లో ఆ మాత్రం శ్రద్ధ కూడా ఉండదు.

కోర్సు కోడ్ మార్చడం మరవకండి. సిలబస్ మారి కోడ్ మారకపోతే సాఫ్ట్‌వేర్‌కి రెండూ ఒకటే. మా దగ్గర ఒకసారి పాత కోడ్ మీదే కొత్త పేపరు ఎక్కించాం. సప్లీ రాసినవాళ్ళ మార్కుల మెమోలో వాళ్ళు ఎన్నడూ చదవని సబ్జెక్టు పేరు అచ్చయింది. ఆ మెమోలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వడానికి వేసవి సెలవులు సరిపోయాయి. తప్పు నాదే, ఫైలు చూసి సంతకం పెట్టింది నేనే.

ఆరు: చెప్పేదెవరు, ఎక్కడ, ఏ పుస్తకంతో

ఇది త్వరగా తేలుతుంది. ఆ కొత్త యూనిట్ చెప్పగలిగినవాళ్ళు డిపార్ట్‌మెంట్‌లో ఉన్నారా? ల్యాబ్‌లో సిస్టమ్‌లు సరిపోతాయా? పుస్తకం లైబ్రరీలో ఉందా, తెలుగు మీడియం పిల్లలుంటే తెలుగులో ఉందా? వర్క్‌లోడ్ ఎవరిది పెరుగుతుంది, ఎవరిది తగ్గుతుంది? ఆఖరిది పైకి ఎవరూ మాట్లాడరు గానీ, డిపార్ట్‌మెంట్లో గొడవలన్నిటికీ మూలం అదే. గెస్ట్ లెక్చరర్ పీరియడ్లు పోయే మార్పయితే ముందే ఆయనతో మాట్లాడండి. మీటింగులో తెలియడం కంటే మీ గదిలో తెలియడం మేలు.

కేంద్ర ప్రభుత్వ 'స్వయం' వేదికలోని ఆన్‌లైన్ కోర్సుతో నడిపిద్దాం అని ఎవరైనా అంటే, యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల వరకూ అలా తీసుకోవచ్చు. కానీ ఏ కోర్సు దేనికి బదులో ముందుగా మీ అకడమిక్ కౌన్సిల్ ఆమోదం ఉండాలి. పిల్లలు సర్టిఫికెట్ తెచ్చాక క్రెడిట్ ఇస్తారా లేదా అని చర్చ పెట్టకూడదు.

ఏడు: మోడల్ పేపర్ లేకుండా ఫైలు ముందుకు పోనివ్వకండి

సిలబస్ చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ప్రశ్నపత్రం చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. కోర్సు లక్ష్యాల్లో "విశ్లేషించగలరు, రిటర్న్ తయారు చేయగలరు" అని ఘనంగా రాసి, మోడల్ పేపర్లో "నిర్వచించుము, వివరింపుము" అని ఉంటే పిల్లాడు ఏం చదువుతాడు? నిర్వచనాలే. కాబట్టి ప్రతి మార్పుతో పాటు ఒక మోడల్ పేపర్, ఏ యూనిట్ నుంచి ఎన్ని మార్కులన్న బ్లూప్రింట్ తప్పకుండా జత చేయించండి. కొత్త సిలబస్‌తో పేపర్ సెట్ చేసేది బయటి ఊరి లెక్చరర్. ఆయనకు మీ మనసులో ఏముందో తెలియదు. ఆయన చేతికి వెళ్ళేది ఈ రెండు కాగితాలే.

సీఓ-పీఓ మ్యాపింగ్ పట్టిక కూడా ఉంటుంది, కోర్సు లక్ష్యాలు ప్రోగ్రాం లక్ష్యాలకు ఎంత సరిపోతాయో చూపే ఒకట్లు రెళ్ళు మూళ్ళు. దాన్ని ఎలా నింపుతారో మనందరికీ తెలుసు. కనీసం ఒక పని చేయండి: ప్రతి గడిలోనూ మూడు వేసి ఉంటే వెనక్కివ్వండి.

ఎనిమిది: బోర్డు మీటింగ్

బోర్డులో ఎవరుండాలో యూజీసీ నిబంధనల్లో ఉంది: మీరు చైర్మన్, డిపార్ట్‌మెంట్ అధ్యాపకులు, బయటి నుంచి అకడమిక్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సబ్జెక్టు నిపుణులు, వైస్ చాన్సలర్ నామినేట్ చేసే ఒకరు, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు. వైస్ చాన్సలర్ నామినీ కోసం ప్రిన్సిపల్ పంపే జాబితాలో ఆరు పేర్లుండాలి. ఈ ఉత్తరం వెళ్ళి జవాబు రావడానికి నెలలు పట్టిన సందర్భాలున్నాయి, కాబట్టి పదవీకాలం ముగియకముందే పంపించండి. నామినీ లేకుండా మీటింగ్ పెట్టి తర్వాత సంతకం తెచ్చుకుందాం అనుకోవద్దు.

సభ్యులకు కాగితాలు కనీసం పది రోజుల ముందు పంపండి. వాట్సాప్‌లో ముందురోజు రాత్రి పంపిన 140 పేజీల పీడీఎఫ్ ఎవరూ తెరవరు. పంపేటప్పుడు ఒక్కొక్కరినీ ఒక్కో ప్రశ్న అడగండి. పరిశ్రమ సభ్యుణ్ణి "సార్, సిలబస్ చూడండి" అంటే "బాగుందండీ" అంటారు. "మీ ఆఫీసులో చేరిన మా బీకాం కుర్రాడికి మొదటి నెలలో ఏది రాక ఇబ్బంది పడుతున్నారు?" అంటే అరగంట మాట్లాడతారు. పూర్వ విద్యార్థిని కూడా అలాగే. మా బోర్డులో ఒకసారి ఒక పూర్వ విద్యార్థిని చెప్పిన ఒక్క వాక్యం, "మేడమ్, మాకు ఎక్సెల్‌లో జీతాల పట్టీ వేయడం నేర్పి ఉంటే చాలు", ఆ ఏడాది స్కిల్ పేపరు మొత్తాన్ని మార్చేసింది.

మీటింగులో చిన్న మార్పులన్నీ ఒకే తీర్మానంగా తోసేసి, టైమంతా పెద్ద మార్పుల మీద పెట్టండి. "విత్ పర్మిషన్ ఆఫ్ ద చైర్" అని ఆఖరి నిమిషంలో పైకొచ్చే అంశాలుంటాయి చూశారూ, వాటిలో సిలబస్ మార్పు ఉంటే తర్వాతి మీటింగుకి వాయిదా వేయండి. మొహమాటపడకండి. ఎవరూ చదవని దాన్ని అందరూ ఆమోదించినట్టు రాయడం మంచిది కాదు.

మినిట్స్ ఆ సాయంత్రమే రాయించండి, సభ్యులు ఊరెళ్ళకముందే సంతకాలు తీసుకోండి. "చర్చించి ఆమోదించడమైనది" అన్న వాక్యం ఎన్ని మినిట్స్‌లో చదివానో లెక్కలేదు. ఆడిట్‌కి వచ్చినవాళ్ళకు గానీ, ఐదేళ్ళ తర్వాత మీ కుర్చీలో కూర్చునేవారికి గానీ దానివల్ల ఏమీ తెలియదు. ఇలా రాయండి: "నాలుగో సెమిస్టర్ ఇన్‌కమ్ టాక్స్ పేపరులో ఈ-ఫైలింగ్ భాగాన్ని థియరీ నుంచి తొలగించి స్కిల్ కోర్సులో చేర్చాలని, నివాస స్థితి లెక్కలు తగ్గించాలన్న ప్రతిపాదనను బయటి నిపుణులు అంగీకరించనందున యథాతథంగా ఉంచాలని, ఇది 2025-26లో చేరిన బ్యాచ్ నుంచి వర్తించాలని తీర్మానించడమైనది." ఒప్పుకోనిది కూడా రాయాలి. అసమ్మతి ఉంటే పేరుతో రాయాలి.

తొమ్మిది: అకడమిక్ కౌన్సిల్

ప్రిన్సిపల్ అధ్యక్షులు, హెచ్ఓడీలందరూ సభ్యులు, నలుగురు అధ్యాపకులు, తక్కువలో తక్కువ నలుగురు బయటి నిపుణులు, యూనివర్సిటీ నుంచి ముగ్గురు. ఇక్కడ మీ సిలబస్ లోపలి సంగతి ఎవరూ చదవరు, చదవాల్సిన అవసరం కూడా అంతగా లేదు. కౌన్సిల్ చూడాల్సింది డిపార్ట్‌మెంట్ల మధ్య సంగతులు. కామర్స్ వాళ్ళు ఎక్సెల్ పెడుతున్నారు, కంప్యూటర్స్ వాళ్ళు అదే ఎక్సెల్ స్కిల్ కోర్సుగా పెడుతున్నారు, ఒకే పిల్లాడు రెండుసార్లు చదువుతున్నాడు, దాన్ని ఎవరు పట్టుకోవాలి? కౌన్సిలే. మార్కుల నిష్పత్తి ఒక డిపార్ట్‌మెంట్‌లో ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉందా? రెగ్యులేషన్స్‌కి విరుద్ధమా? ఇవి చూడాలి.

మీరు వెళ్ళేటప్పుడు సిలబస్ పుస్తకం మొత్తం కాకుండా రెండు పేజీల నోటు పట్టుకెళ్ళండి: ఏం మారింది, ఎందుకు, ఎవరికి, ఎప్పటి నుంచి, క్రెడిట్ల కూడిక మారిందా, సప్లీవాళ్ళకు ఏర్పాటు ఏమిటి. కౌన్సిల్‌కి మీ ప్రతిపాదన నచ్చకపోతే కారణాలు చెప్పి బోర్డుకి తిప్పి పంపవచ్చు, తిరస్కరించనూ వచ్చు. కారణం చెప్పడం వాళ్ళ బాధ్యత అని నిబంధనల్లోనే ఉంది, అడగడానికి సిగ్గుపడకండి. తిప్పి పంపారంటే అవమానంగా తీసుకోనవసరం లేదు. నా ఫైలు రెండుసార్లు తిరిగొచ్చింది. రెండోసారి వాళ్ళదే కరెక్టు.

అర్జెంటుగా జూన్‌లో మొదలుపెట్టాలి, కౌన్సిల్ ఆగస్టులో అంటే కొందరు ప్రిన్సిపల్ అనుమతితో అమలు చేసేసి తర్వాత ర్యాటిఫై చేయిస్తారు. చట్టం మారినప్పుడు లాంటి సందర్భంలో తప్పదు. అలవాటుగా మాత్రం వద్దు. ఫిబ్రవరి, మార్చిలో డిపార్ట్‌మెంట్ చర్చ, ఏప్రిల్‌లో బోర్డు, మేలో కౌన్సిల్ పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

కొత్త ప్రోగ్రాం అయితే

కొత్త డిగ్రీ ప్రోగ్రాం పెట్టాలంటే బోర్డు, కౌన్సిల్ దాటాక గవర్నింగ్ బాడీ దాకా వెళ్ళాలి. డబ్బు, పోస్టులు, గదులు వాళ్ళ చేతిలోవి. డిగ్రీ పేరు యూజీసీ చట్టం 22వ సెక్షన్ కింద ప్రకటించిన జాబితాలో ఉన్నదే కావాలి. మోజుగా ఉందని సొంత పేరు పెట్టి నడిపితే నష్టపోయేది ఆ పట్టా పట్టుకుని ఉద్యోగానికి వెళ్ళే పిల్లాడు. బీబీఏ, బీసీఏ అయితే 2024-25 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) అనుమతి కూడా కావాలి. ఈ మార్పు తెలియక కంగారుపడిన డిగ్రీ కాలేజీలు చాలానే. బీఈడీకి ఎన్‌సీటీఈ, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, న్యాయవిద్యకు బార్ కౌన్సిల్. వీటి గడువులు అడ్మిషన్లకు చాలా నెలల ముందే అయిపోతాయి కాబట్టి కొత్త ప్రోగ్రాం ఆలోచన కనీసం ఏడాదిన్నర ముందు మొదలుకావాలి. చుట్టుపక్కల ఇంటర్ కాలేజీల్లో ఏ గ్రూపులో ఎందరున్నారో లెక్క తీయకుండా "డిమాండ్ ఉంది" అన్న మాట ఫైల్లో రాయనివ్వకండి.

ఆమోదం వచ్చాక

ఎగ్జామ్ సెల్‌కి కొత్త కోడ్‌లు, మార్కుల పథకం, సమానత్వ పట్టిక రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. కాలేజీ వెబ్‌సైట్‌లో పాత పీడీఎఫ్ పక్కన కొత్తది పెట్టి, ఏది ఏ బ్యాచ్‌కో పేరులోనే రాయండి. 'సిలబస్ ఫైనల్ న్యూ 2' లాంటి పేర్లు వద్దు. లైబ్రరీకి పుస్తకాల ఇండెంట్ వెంటనే వెళ్ళాలి. క్లాసులు మొదలైన నెలకి ఆ పాఠం చెప్పేవారి దగ్గరకెళ్ళి మన పెన్సిల్ గంటలు నిజంగా సరిపోతున్నాయా అని అడగండి, జవాబుని వచ్చే బోర్డు అజెండాకి దాచుకోండి.

పాత సిలబస్‌ని పారేయకండి. సంతకాలున్న ప్రతి స్కాన్ చేసి, బ్యాచ్ సంవత్సరం వారీగా ఒక ఫోల్డర్‌లో, ఇంకో ప్రతి ఎగ్జామ్ సెల్‌లో ఉంచండి. పదిహేనేళ్ళ కిందట చదివిన పిల్లలు ఇప్పటికీ డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఫోన్ చేస్తారు. "సార్, మా బ్యాచ్ సిలబస్ కాపీ మీద కాలేజీ స్టాంప్ కావాలి, ఇక్కడ యూనివర్సిటీ వాళ్ళు అడుగుతున్నారు" అని. అటువైపు అర్ధరాత్రి అయి ఉంటుంది, గడువు రెండు రోజులుంటుంది. ఆ ఫోల్డర్ ఎక్కడుందో ఆఫీసు సూపరింటెండెంట్‌కి కూడా చూపించి పెట్టండి.